త్రికోణమితి నిరూపణను దిద్దడం: తెగని వాదం ఎక్కడుంది?

పదో తరగతి లెక్కల పేపరులో ఒక ప్రశ్న. (1 − సైన్ క) / కాస్ క = కాస్ క / (1 + సైన్ క) అని నిరూపించమన్నారు. ఇక్కడ 'క' అంటే కోణం. విద్యార్థి ఇచ్చిన సమీకరణాన్నే మొదటి వరుసగా రాసుకుని అడ్డగుణకారం చేశాడు. (1 − సైన్ క)(1 + సైన్ క) = కాస్² క వచ్చింది. తర్వాతి వరుస 1 − సైన్² క = కాస్² క. ఆఖరి వరుస కాస్² క = కాస్² క. కింద గీత గీసి 'హెన్స్ ప్రూవ్డ్' అని రాశాడు. ఈ జవాబుకు ఒక ఉపాధ్యాయుడు పూర్తి మార్కులు వేస్తాడు. ఇంకొకరు ఒక మార్కు తగ్గిస్తారు. మరొకరు, నిరూపించాల్సినదాన్నే నిజమనుకుని మొదలుపెట్టాడు కాబట్టి సున్నా వేస్తారు. ముగ్గురి దగ్గరా ఆలోచించదగ్గ కారణాలున్నాయి.

ఈ వాదం చిక్కుబడటానికి మూల కారణం, వేర్వేరు ప్రశ్నలు ఒకే ప్రశ్నగా చలామణీ కావడం. తర్కం సరిగ్గా ఉందా అన్నది ఒకటి. రాసిన తీరు ఆ తర్కాన్ని చూపిస్తోందా అన్నది రెండోది. నేర్చుకునే దశలో ఉన్న పిల్లవాడి నుంచి ఎంత అడగాలన్నది మూడోది. వీటన్నిటి వెనకా ఎవరూ పెద్దగా ఎత్తని ఇంకో ప్రశ్న ఉంది: ఆ సమానత్వం ఏ కోణాలకు నిజం?

వాదం ఎంత పాతది

కావలసిన ఫలితం నుంచి మొదలుపెట్టి తెలిసినదాని వైపు నడవడం బడిపిల్లల తప్పుగా పుట్టింది కాదు. క్రీ.శ. 4వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న పాపస్ తన 'కలెక్షన్' గ్రంథం ఏడో భాగంలో దీన్నే ఒక పద్ధతిగా వర్ణించాడు. వెతుకుతున్నదాన్ని దొరికినట్టే అనుకుని, ఒప్పుకున్న సత్యం తగిలేదాకా వెళ్లడం విశ్లేషణ. ఆ దారిని తిరగేసి, సత్యం నుంచి ఫలితానికి రావడం సంశ్లేషణ. రెండో భాగం పూర్తయ్యాకే నిరూపణ పూర్తయినట్టు. అడ్డగుణకారం చేసిన విద్యార్థి మొదటి భాగం రాసి రెండోది వదిలేశాడని పాపస్ మాటల్లో చెప్పవచ్చు. అయితే పాపస్ వర్ణనలోనే ఒక అస్పష్టత ఉంది. విశ్లేషణలో ముందుకు, అంటే పర్యవసానాల వైపు నడుస్తున్నామా, లేక వెనక్కి, అంటే ఫలితానికి ఆధారమయ్యే విషయాల వైపు నడుస్తున్నామా? దీనిమీద చరిత్రకారులు ఇప్పటికీ తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. హింటికా, రెమెస్ 1974లో ఈ పద్ధతి మీద ఒక పుస్తకమే రాశారు. బడిలో దిద్దేవారికి ఎదురయ్యే సందేహం సరిగ్గా ఇదే.

మన దేశంలో జ్యా (సైన్), కోజ్యా (కాస్)ల వర్గాల మధ్య సంబంధం 6వ శతాబ్దపు వరాహమిహిరుడి పంచసిద్ధాంతికలోనే ఉంది. ఉపపత్తి, అంటే ఫలితం ఎందుకు నిజమో చూపే వివరణ, విస్తారంగా కనిపించేది సుమారు 1530లో జ్యేష్ఠదేవుడు మలయాళంలో రాసిన యుక్తిభాషలో. అయితే అక్కడి ఉపపత్తులు వృత్తాలు, త్రిభుజాల మీద నడుస్తాయి. 'ఎడమవైపు, కుడివైపు' అన్న తగాదాకు అక్కడ చోటు లేదు. ఆ తగాదా రావాలంటే ముందు సైన్, కాస్‌లు బీజగణిత రాశుల్లా కూడికలు, గుణకారాలు చేసుకోదగ్గవి కావాలి. ఆ మార్పు స్థిరపడింది 1748లో ఆయిలర్ పుస్తకంతో. వ్యాసార్ధాన్ని 1గా తీసుకుని, సైన్‌నూ కాస్‌నూ ప్రమేయాలుగా పరిగణించి, సూత్రాలన్నిటినీ బీజగణితంతో రాబట్టాడు. బొమ్మ వెనక్కి పోయింది, వరుసలు ముందుకొచ్చాయి.

19వ శతాబ్దం చివరికల్లా ఈ వరుసలు అభ్యాసాలయ్యాయి. 1893లో వచ్చిన లోనీ 'ప్లేన్ ట్రిగొనామెట్రీ' మన కాలేజీల్లో తరాల తరబడి చదివిన పుస్తకం. రామానుజన్ బడిలో ఉండగానే త్రికోణమితి నేర్చుకున్నది ఈ పుస్తకం నుంచే. ఇలాంటి పుస్తకాల్లో 'నిరూపించండి' అన్న ఒక్క మాట కింద పదుల కొద్దీ సర్వసమీకరణాలు బారులు తీరి ఉంటాయి. ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కల పుస్తకాల్లో కనిపిస్తూ వచ్చిన పొడవాటి అభ్యాసాలు ఆ సంప్రదాయానివే.

అమెరికా బడుల్లో 20వ శతాబ్దం మొదట్లో రెండు నిలువు వరుసల నిరూపణ స్థిరపడింది. ఎడమ వరుసలో వాక్యం, కుడి వరుసలో కారణం. పాట్రీషియో హెర్బ్‌స్ట్ 2002లో దాని చరిత్ర రాస్తూ ఒక ముఖ్యమైన సంగతి చూపించాడు. పిల్లలందరిచేతా నిరూపణలు రాయించాలన్న ఆశకూ, తరగతి గదిలో అది సాధ్యం కావాలన్న అవసరానికీ మధ్య కుదిరిన ఏర్పాటు అది. త్రికోణమితిలో 'ఒక వైపే పట్టుకుని రెండో వైపు తీసుకురా' అన్న నియమాన్నీ అలాంటి ఏర్పాటుగానే చూడాలి. దాన్ని తర్కశాస్త్ర నియమం అనుకున్నప్పుడే పేచీ మొదలవుతుంది.

మూడు పక్షాలు

మొదటిది ఒకవైపు పక్షం. ఎడమవైపుతో మొదలై, సమాన గుర్తుల గొలుసుగా సాగి, కుడివైపుతో ముగియాలి. కావాలంటే కుడివైపు నుంచి ఎడమకు రావచ్చు. రెండు వైపుల్నీ విడివిడిగా సరళం చేసి ఒకే రాశి దగ్గర కలపడానికీ వీరిలో చాలామంది అభ్యంతరం చెప్పరు. వీరి బలమైన వాదం ఇది: అబద్ధం నుంచి కూడా నిజం రాబట్టవచ్చు. సైన్ క = −సైన్ క అని రాసి, ఇరువైపులా వర్గం చేస్తే సైన్² క = సైన్² క అని వస్తుంది. ఆఖరి వరుస తిరుగులేని సత్యం, మొదటి వరుస అబద్ధం. కాబట్టి ఆఖరి వరుస నిజమైనంత మాత్రాన మొదటిది నిరూపణ కాదు. న్యాయ దర్శనంలో గౌతముడు హేత్వాభాసాల్లో సాధ్యసమం అని లెక్కించిన దోషం ఇలాంటిదే: హేతువుగా చూపినది కూడా సాధ్యంలాగే ఇంకా నిరూపించాల్సినదే.

రెండోది తుల్యతా పక్షం. ఒక వరుస నుంచి మరో వరుసకు వెళ్లినప్పుడల్లా తిరిగి రావడానికి వీలుంటే, పై నుంచి కిందికి రాసినా కింది నుంచి పైకి రాసినా ఒకటే అంటారు. సమీకరణాలు సాధించేటప్పుడు మనం చేసేది అదే కదా. వరుసకూ వరుసకూ మధ్య ద్విముఖ బాణం పెడితే చాలు, లేదా 'ఈ సోపానాలన్నీ వెనక్కి కూడా చెల్లుతాయి' అని ఒక్క మాట రాస్తే చాలు. వీరికి ఎదురయ్యే ఇబ్బంది, విద్యార్థి ఆ బాణం పెట్టడు, ఆ మాట రాయడు. అతని మనసులో ఉన్నది ద్విముఖ బాణమా, ఒకవైపు బాణమా, లేక కేవలం చిత్తు పనా అన్నది కాగితం మీద కనపడదు.

మూడోది అన్వేషణ పక్షం. వీరి దృష్టి నిరూపణ ఎలా దొరుకుతుందన్న దానిమీద ఉంటుంది. పోల్యా 1945లో రాసిన 'హౌ టు సాల్వ్ ఇట్' పాపస్‌ను మళ్లీ తరగతి గదిలోకి తెచ్చింది. వెనక నుంచి పని చేయడం తెలివైన పద్ధతి అని నేర్పి, అదే కాగితం మీద కనిపిస్తే శిక్షించడం అన్యాయమని వీరి అభిప్రాయం. చిత్తు పనికి ఒక చోటు, శుద్ధ ప్రతికి ఒక చోటు ఇవ్వాలంటారు. చెప్పడానికి సులువే గానీ, పరీక్ష హాల్లో సమయం ఒక్కసారి రాయడానికే చాలదు.

రెండు దారులనూ పక్కపక్కన పెడితే

మొదట చెప్పిన ప్రశ్నకే ఒకవైపు పద్ధతిలో జవాబు చూద్దాం. (1 − సైన్ క) / కాస్ క లవహారాలు రెండింటినీ (1 + సైన్ క)తో గుణిస్తాం. పైన 1 − సైన్² క, అంటే కాస్² క వస్తుంది. కింద కాస్ క (1 + సైన్ క) ఉంటుంది. ఒక కాస్ క కొట్టేస్తే కుడివైపు వచ్చేస్తుంది. చూడటానికి కడిగిన ముత్యంలా ఉంది. ఏ ఉపాధ్యాయుడైనా పూర్తి మార్కులు వేస్తాడు.

ఈ జవాబులో దాగిన షరతులేమిటో ఇప్పుడు లెక్కపెట్టాలి. (1 + సైన్ క)తో లవహారాలను గుణించాలంటే అది సున్నా కాకూడదు. కాస్ క కొట్టేయాలంటే అదీ సున్నా కాకూడదు. మరి అడ్డగుణకారం చేసిన విద్యార్థి దారిలో వెనక్కి రావాలంటే? 1 − సైన్² క = కాస్² క అన్నదాన్ని ఇరువైపులా కాస్ క (1 + సైన్ క)తో భాగించాలి. అక్కడా సున్నా కాకూడనివి సరిగ్గా ఆ రెండు రాశులే. రెండు జవాబులూ ఒకే షరతుల మీద నిలబడ్డాయి, రెండూ వాటిని చెప్పలేదు. తేడా ఒక్కటే: ఒకవైపు పద్ధతిలో దిశ దానంతటదే స్పష్టంగా ఉంటుంది, అడ్డగుణకారంలో పాఠకుడు దాన్ని ఊహించుకోవాలి. ఈ తేడాకు మార్కు తగ్గించడం సబబే. సున్నా వేయడం సబబు కాదు.

90 డిగ్రీల దగ్గర ఏమవుతుందో కూడా చూడాలి. అక్కడ కుడివైపు 0/2, అంటే 0. ఎడమవైపు 0/0, దానికి అర్థమే లేదు. కాబట్టి ఈ రెండు వైపులూ ప్రమేయాలుగా ఒకటి కావు, వాటి ప్రదేశాలే వేరు. సర్వసమీకరణం అంటే రెండు వైపులూ నిర్వచితమైన ప్రతి కోణానికీ సమానం అని మనం ఒప్పందంగా చదువుకుంటున్నాం. ఆ ఒప్పందం మంచిదే, కానీ చాలా తరగతుల్లో దాన్ని ఎవరూ నోటితో చెప్పరు.

పద్ధతులను పోల్చి చెప్పాలంటే: ఒకవైపు గొలుసులో దిశ సమస్య లేదు, సున్నా సమస్య ఉంది. రెండు వైపుల్నీ విడివిడిగా మధ్యకు తేవడంలోనూ అంతే. ఎడమవైపు నుంచి కుడివైపు తీసేసి సున్నా చూపడం తర్కరీత్యా చాలా శుభ్రమైన దారి, అయినా మన బడుల్లో అరుదు. ఎడమవైపును కుడివైపుతో భాగించి 1 చూపితే, కుడివైపు సున్నా అయ్యే కోణాలను విడిగా చూసుకోవాలి. అడ్డగుణకారంలో దిశ సమస్య, సున్నా సమస్య రెండూ ఉన్నాయి, ఒక్క వాక్యంతో రెండూ తీరిపోతాయి. ఇరువైపులా వర్గం చేయడం మాత్రం వీటన్నిటికంటే ప్రమాదకరం.

వర్గమూలం దగ్గర అసలు పరీక్ష

పదో తరగతిలో అందరూ చేసే లెక్క ఒకటి: √((1 + సైన్ క) / (1 − సైన్ క)) = సెక్ క + టాన్ క. మామూలుగా రాసే జవాబు పూర్తిగా ఒకవైపు పద్ధతిలోనే ఉంటుంది. మూలం లోపల లవహారాలను (1 + సైన్ క)తో గుణిస్తారు. పైన (1 + సైన్ క)², కింద కాస్² క వస్తాయి. వర్గమూలం తీస్తే (1 + సైన్ క) / కాస్ క. విడదీస్తే సెక్ క + టాన్ క. గొలుసు ఎక్కడా తెగలేదు.

ఇప్పుడు క స్థానంలో 120 డిగ్రీలు పెట్టండి. ఎడమవైపు 2 + √3, అంటే సుమారు 3.73. కుడివైపు −2 − √3, అంటే సుమారు −3.73. సమానత్వం కూలిపోయింది. కాస్² క వర్గమూలం కాస్ క అని రాసిన చోట తప్పు జరిగింది. అక్కడ రావలసింది కాస్ క పరమ మూల్యం. కోణం అల్పకోణమైతే ఏ ఇబ్బందీ లేదు. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం ఈ అభ్యాసం తలమీదే, కోణాలు అల్పకోణాలనీ, రాశులు నిర్వచితమయ్యేవనీ స్పష్టంగా షరతు పెట్టింది. ఆ ఒక్క వాక్యం మీద మొత్తం నిరూపణ ఆధారపడి ఉంది. జవాబు పత్రంలో మాత్రం ఆ వాక్యాన్ని తలుచుకునే విద్యార్థి అరుదు, తలుచుకోమని అడిగే ఉపాధ్యాయుడూ అరుదే.

ఒకవైపు పక్షం వారు నిదానంగా చూడాల్సిన ఉదాహరణ ఇది. వారి రూపం అక్షరాలా పాటించిన నిరూపణ, అధికకోణానికి అబద్ధం చెప్పింది. వారు తప్పుపట్టే అడ్డగుణకారం మాత్రం నిర్వచితమైన ప్రతి కోణానికీ నిజమే చెప్పింది. అంటే రూపాన్ని చూసి దిద్దితే చెడ్డ సోపానం తప్పించుకోవచ్చు, మంచి సోపానానికి శిక్ష పడవచ్చు.

దిద్దేవారి మీద జరిగిన పరిశోధన

నిరూపణ రాయడం మీద కంటే ఆలస్యంగా, నిరూపణను చదివి తీర్పు చెప్పడం మీద పరిశోధన మొదలైంది. 1989లో మార్టిన్, హారెల్ అమెరికాలో ప్రాథమిక ఉపాధ్యాయులు కాబోతున్న విద్యార్థులను పరిశీలించారు. నిరూపణ వేషంలో ఉన్న తప్పుడు వాదాన్ని వారిలో చాలామంది ఒప్పుకున్నారు. 1998లో హారెల్, సౌడర్ దీనికి ఒక చట్రం ఇచ్చారు. లోపలి తర్కాన్ని వదిలి పైరూపాన్ని బట్టి నమ్మడాన్ని వారు ఆచారపరమైన నిరూపణ ధోరణి అన్నారు. 2003లో అన్నీ సెల్డెన్, జాన్ సెల్డెన్ ఎనిమిదిమంది గణిత విద్యార్థులకు నాలుగు నిరూపణలిచ్చి దిద్దించారు. మొదటి విడత తీర్పులు దాదాపు బొమ్మాబొరుసు వేసినట్టే ఉన్నాయి. ప్రశ్నలు వేస్తూ మళ్లీ మళ్లీ చదివించేసరికి తీర్పులు మెరుగయ్యాయి.

తెలిసినవారైతే ఒకే మాట మీద ఉంటారా? ఉండరని 2013లో ఇంగ్లిస్, మెహియా-రామోస్, వెబర్, ఆల్కాక్ చూపించారు. నూరుమందికి పైగా పరిశోధక గణితవేత్తలకు ఒక చిన్న కలనగణిత నిరూపణ ఇచ్చి చెల్లుతుందా అని అడిగితే అభిప్రాయాలు చీలిపోయాయి. 2016లో రాబర్ట్ మూర్ నలుగురు ఆచార్యులతో విద్యార్థుల నిరూపణలు దిద్దించాడు. మంచి నిరూపణ ఎలా ఉండాలన్నదానిపై నలుగురూ చాలావరకు ఒకేలా మాట్లాడారు, కానీ ఒకే జవాబుకు వేసిన మార్కుల్లో తేడాలున్నాయి. ఇవేవీ త్రికోణమితి సర్వసమీకరణాల మీద జరిగినవి కావు. అయినా స్పాట్ వాల్యుయేషన్ కేంద్రంలో కూర్చుని ఒకే రోజు పదుల పేపర్లు దిద్దేవారి పరిస్థితికి ఇవి దగ్గరగానే ఉన్నాయి. మూల్యాంకన సూత్రాల్లో 'సరైన ఏ పద్ధతికైనా పూర్తి మార్కులు' అన్న మాట ఉన్నా, సరైనదంటే ఏమిటన్న నిర్ణయం చివరికి ఆ బల్ల దగ్గరే జరుగుతుంది.

యంత్రం దిద్దితే

సమానత్వం నిజమా కాదా అన్న ప్రశ్న వరకైతే యంత్రానికి బడి లెక్కలు కష్టం కాదు. ఒకే కోణం మీద సైన్, కాస్‌లతో కూడికలు, గుణకారాలు, భాగహారాలు మాత్రమే ఉన్న ఏ సమానత్వాన్నైనా, సైన్² స్థానంలో 1 − కాస్² పెట్టుకుంటూ పోయి తేల్చేయవచ్చు. ఇక్కడ చాలామంది గమనించని ఒక సంగతి ఉంది. 'రెండు మూడు కోణాలు వేసి చూస్తే నిరూపణ కాదు' అని పిల్లలకు చెబుతాం, నిజమే. కానీ తగినన్ని కోణాలు వేస్తే అది నిరూపణే అవుతుంది. ఘాతం 4 దాటని త్రికోణమితీయ బహుపది, అసలు సున్నాయే అయితే తప్ప, ఒక పూర్తి చుట్టులో 8 కంటే ఎక్కువ చోట్ల సున్నా కాలేదు. అందువల్ల సైన్⁴ క − కాస్⁴ క = సైన్² క − కాస్² క అన్నది ఒక చుట్టులో 9 వేర్వేరు కోణాలకు కచ్చితంగా సరిపోతే, అన్ని కోణాలకూ సరిపోయినట్టే. ఈ వెసులుబాటుకు హద్దుంది. ఘాతాంక, సంవర్గమాన, పరమ మూల్య ప్రమేయాలు కూడా కలిస్తే, ఒక రాశి సున్నాకు సమానమా అన్నది అన్ని సందర్భాల్లోనూ తేల్చే యాంత్రిక పద్ధతి ఉండదని రిచర్డ్‌సన్ 1968లో నిరూపించాడు.

విద్యార్థి రాసిన వరుసలను దిద్దడం వేరే పని. క్రిస్ సాంగ్విన్ 2004లో మొదలుపెట్టిన స్టాక్ అనే వ్యవస్థ, విద్యార్థి వరుసగా రాసిన సమీకరణాలను చదివి, వరుసల మధ్య ద్విముఖ బాణం చెల్లుతుందా, ఒకవైపు బాణమేనా అని చూపగలదు. తుల్యతా పక్షం అడుగుతున్న సమాచారం సరిగ్గా ఇదే. నిరూపణలను సోపానం సోపానంగా సరిచూసే లీన్ అనే సాఫ్ట్‌వేర్ దగ్గరికి వస్తే మరో విశేషం. అందులో సున్నాతో భాగిస్తే సున్నా అని ముందే నిర్ణయించుకున్నారు. ఆ లెక్కన మన మొదటి సమానత్వం 90 డిగ్రీల దగ్గరా 270 డిగ్రీల దగ్గరా కూడా నిజమే, ఎందుకంటే అక్కడ రెండు వైపులూ సున్నా. షరతే అక్కర్లేదు. బడి ఒప్పందం, లీన్ ఒప్పందం దేనికవే సుసంగతమైనవి. పిల్లవాడి జవాబు ఏ ఒప్పందం కింద చదవాలో ముందు చెప్పాల్సింది ప్రశ్న ఇచ్చినవారే.

ఇంకా తేలనివి

రాయని ద్విముఖ బాణాన్ని దిద్దేవారు రాసినట్టే చదువుకోవాలా? గుణకారం, కారణాంకాలు, తెలిసిన సూత్రం ప్రతిక్షేపణ మాత్రమే ఉన్నచోట చదువుకోవచ్చని నా అభిప్రాయం. వర్గం చేసినచోట, వర్గమూలం తీసినచోట మాత్రం విద్యార్థే నోరు విప్పాలి. అయితే ఈ గీత అంత స్థిరమైనది కాదు. టాన్ క తో ఇరువైపులా గుణించడం ఏ కోవలోకి వస్తుంది? అది సున్నా అయ్యే కోణాలు ప్రశ్నలో ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టి సమాధానం మారుతుంది.

ఎంత గెంతవచ్చన్నది మరో చిక్కు. టాన్² క − సైన్² క = టాన్² క సైన్² క అన్నదాన్ని నిరూపించమంటే, ఒక విద్యార్థి నాలుగు వరుసలు రాస్తాడు, మరొకడు ఎడమవైపు నుంచి టాన్² క ఉమ్మడిగా తీసి, మిగిలిన 1 − కాస్² క ను సైన్² క అని ఒక్క వరుసలో ముగిస్తాడు. రెండోవాడికి మార్కు తగ్గితే, తెలివికి జరిమానా వేసినట్టు. తగ్గకపోతే, కుడివైపు ముందే కళ్లెదుట ఉంది కాబట్టి చూసి రాసుకున్నవాడినీ తెలిసి రాసినవాడినీ వేరు చేయడం కష్టం. సర్వసమీకరణం ప్రశ్నకు పుట్టుకతో ఉన్న బలహీనత ఇది: చివరి జవాబు ప్రశ్నలోనే అచ్చయి ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద ఖాళీ పదో తరగతికీ ఇంటర్‌కూ మధ్య ఉంది. పదిలో లంబకోణ త్రిభుజం లోపల, అల్పకోణాల హద్దులో నేర్చిన సర్వసమీకరణాలు ఇంటర్‌లో అన్ని కోణాలకూ వర్తించే ప్రమేయాల మధ్యకు మారుతాయి. షరతు మారింది, జ్ఞాపకంలో ఉన్న సూత్రం మారలేదు. √((1 + సైన్ క) / (1 − సైన్ క)) = సెక్ క + టాన్ క అన్నదాన్ని ఇంటర్ మొదటి సంవత్సరంలో మళ్లీ ఇచ్చి, నిరూపించమనకుండా, ఏ కోణాలకు నిజమో చెప్పమని అడిగితే జవాబు చిన్నదే: కాస్ క ధనాత్మకమైనచోట నిజం, రుణాత్మకమైనచోట రెండు వైపులకూ గుర్తు తేడా, సున్నా అయినచోట సెక్, టాన్‌లకు అర్థమే లేదు. ఈ ప్రశ్నకు మార్కులు వేయడంలో మూడు పక్షాలూ ఒకే మాట మీదికి రాగలవు. మన పేపర్లలో ఇలాంటి ప్రశ్న ఎన్ని మార్కులకు, ఏ తరగతి నుంచి రావాలన్నది ఇంకా ఎవరూ తేల్చలేదు.